రిఫరెన్స్ ఏటి?

మొన్న బిలాస్‌పూర్‌లో మేముండే మోప్కా పేటలో మా పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. ఏదో కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోందట. "ఆంటీ, రిఫరెన్స్‌లో మీ నామ్ డాల్ దూఁ?" అని అడిగింది. "పెట్టుకోమ్మా" అన్నాను. నా పేరు, నేను పనిచేసి రిటైరైన ఆఫీసు పేరు ఫోనులో కొట్టుకుని, థాంక్యూ చెప్పి గంతులేసుకుంటూ వెళ్లిపోయింది. ఇంత సులువైపోయిందా ఈ పని అనుకున్నాను. నా మొదటి ఉద్యోగానికి నాకు రిఫరెన్స్‌గా నిలబడ్డ మనిషి అందుకోసం ఏం చేసిందో చెబితే ఈ పిల్ల నమ్ముతుందా?

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పేరు చెప్పను. బతికున్న రోజుల్లో కూడా ఆవిణ్ణి ఎవరూ పేరుతో పిలవలేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగిళ్లన్నిటికీ ఆవిడ టైపత్త. హిందీవాళ్లకి టైప్‌వాలీ బువా. ఎవరైనా గౌరవంగా 'మేడమ్' అంటే మాత్రం వినిపించనట్టు వేరేవైపు చూసేది.

గంజిపెట్టిన నేత చీర, ఎడమచేతికి మగవాళ్ల వాచీ, ముడిలో గుచ్చుకున్న పెన్సిలు. ఆ పెన్సిలు కోసం బల్లంతా వెతికి, సొరుగులన్నీ లాగి, చివరికి ఎవరో ఒకరు "అత్తా, ముడిలో ఉంది" అంటే, "అక్కడ ఉన్నాదని నాకు తెల్దా? మీకు తెలుసో లేదో చూస్తన్నాను" అనేది. ఎక్కడికెళ్లినా సైకిలే. నలభై దాటిన ఆడమనిషి సైకిలు తొక్కడం అప్పట్లో మా ఊళ్లో వింతే. ఆవిడ ఆ చూపుల్ని పట్టించుకోకుండా, ఎదురొచ్చిన రిక్షావాళ్లను తనే అదిలించుకుంటూ పోయేది.

స్టేషను దాటి బజారుకెళ్లే దారిలో, సైకిళ్లు బాగుచేసే కొట్టు పక్కన రెండు గదుల్లో ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అంతకుముందు చాలాకాలం కోర్టు వరండాలో కూర్చుని అర్జీలు, అఫిడవిట్లు టైపు కొట్టేదట. చుట్టూ వకీళ్లు, గుమాస్తాలు, స్టాంపు కాగితాలు అమ్మేవాళ్లు, అంతా మగవాళ్లే. "మొగాళ్ల తగువులన్నీ టైపు కొట్టి కొట్టి నా వేళ్లకి విసుగొచ్చీసింది. ఇకని ఆడగుంటలకి నేర్పుదారని వొచ్చీసేను" అని చెప్పేది.

ఆవిడ నోట ఎప్పుడూ ఒకటే మాట: రిఫరెన్స్. మాకు మొదట నేర్పిన ఆఫీసు ఉత్తరంలోనే, తేదీ కింద ఆ మాట కొట్టించి, అవతలివాళ్లు రాసిన ఉత్తరం నంబరు దాని పక్కన కొట్టించేది. ఒకమ్మాయి ఆ వరుస మర్చిపోతే కాగితం ఊడదీసి, ఎత్తి అందరికీ చూపించింది. "ఇది ఎవరి ఉత్తరానికి జవాబో ఎవడికి తెలుస్తాది? ఈ బల్లమీంచి ఆ బల్లమీదకి తిరిగి తిరిగి ఆఖరికి చెత్తబుట్టలో పడతాది. మళ్లీ కొట్టు."

మూలనున్న స్టూలు మీద లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి ఉండేది. ఒకసారి ఇంటికి తీసుకెళ్తానంటే నా చేతిలోంచి లాక్కుంది. "ఇది రిఫరెన్స్ బుక్కే. నువ్వు దాని దగ్గరకి రావాలి గానీ, అది నీ ఇంటికి రాదు. ఇయ్యేళ నువ్వు పట్టుకెళిపోతే రేపొచ్చే గుంట ఎక్కడ చూసుకుంటాది?"

కాలనీలో మాత్రం ఆవిడ ఆ మాట వాడే తీరు వేరు. సాయంత్రం కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లు చేరితే కబుర్లు పుడతాయి కదా. ఫలానావాళ్ల అబ్బాయి పరీక్ష తప్పాడట, ఫలానావాళ్ల కోడలు పుట్టింటికి వెళ్లిపోయిందట. అప్పుడే టైపత్త సైకిలు దిగేది.

"రిఫరెన్స్ ఏటి?"

"అంటే?"

"నీకెవరు చెప్పేరు?"

"ఎదురింటావిడ చెప్పింది."

"ఆవిడికెవరు చెప్పేరు? పద, కనుక్కుందారి."

అప్పటికే ఆ కబురు మోసుకొచ్చినావిడ సగం నిండిన బకెట్టు ఎత్తుకుని బయల్దేరేది. ఇది మా నాన్నకు ఎంతో సరదా. లోకో షెడ్డులో ఫిట్టరు ఆయన. ఇంట్లో అమ్మ "బియ్యం నిండుకున్నాయి" అంటే, "రిఫరెన్స్ ఏటి?" అనేవాడు. అమ్మ ఖాళీ డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించేది.

నేను డిగ్రీ పూర్తిచేసి, టైపు హయ్యరు పాసై ఇంట్లో కూర్చున్న రోజులవి. లింక్ రోడ్డులో బొగ్గు లారీలు నడిపే కాంట్రాక్టరు ఆఫీసులో టైపిస్టు కావాలని తెలిసింది. దరఖాస్తులో ఇద్దరి రిఫరెన్స్ ఇవ్వాలి, వాళ్లు బంధువులు కాకూడదు. ఆ సంగతి నాన్నతో చెబుతుంటే వంటింట్లోంచి అమ్మ పిండిచేతులతో పరుగెత్తుకొచ్చింది.

"రిఫరెన్సా? ఎవరికి? ఏటయింది?"

మా కాలనీ ఆడవాళ్లకు ఆ మాటకు ఒకటే అర్థం. రైల్వే ఆసుపత్రిలో నయంకాని జబ్బయితే కలకత్తా పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. రిఫరెన్స్ వచ్చిందంటే మంచం ఎక్కినట్టే. జబ్బు కాదు, ఉద్యోగం అని నచ్చజెప్పేసరికి నాన్నకూ నాకూ నవ్వు ఆగలేదు.

"బంధువులు కానివాళ్లంటే ఎలగే? ఈ కాలనీలో మనకి చుట్టం కానోడు ఎవడున్నాడు?" అని కాసేపు ఆలోచించి, షెడ్డులో తన మేస్త్రీ పేరు ఒకటి రాయమన్నాడు నాన్న. రెండోది టైపత్త పేరు. అత్త అని పిలవడమే తప్ప మాకు ఆవిడతో చుట్టరికం లేదు.

పేరు రాసుకోవచ్చా అని అడగడానికి వెళ్తే, డిక్షనరీలో ఆ మాట తీసి చూపించింది. దాని కింద అర్థాలు బారుగా ఉన్నాయి. "ఇన్ని ఉన్నాయి గానీ అన్నీ ఒకటేనే. నన్ను నమ్మపోతే అదుగో, ఆ మనిషినడుగు అని ఏలు చూపించడం. నువ్వు నన్ను చూపించు. అడగడానికొస్తే నాను చెప్తాను."

అక్కడ పెట్టిన టైపు టెస్టు బాగా చేశాను. మేనేజరు పెద్దమనిషి. తెల్లటి మీసాలు, మెత్తటి మాట. కాగితం చూసి "బహుత్ సాఫ్ హై" అన్నాడు. కబురు చేస్తామన్నారు. వారం గడిచాక ప్యూను వచ్చి ఆఫీసుకు రమ్మన్నాడు. పూలజడ వేసుకుని మరీ వెళ్లాను.

మేనేజరు నా మొహం చూడకుండా మాట్లాడాడు. "బేటీ, నీ పని బాగుంది. కానీ నీ రిఫరెన్స్ సరిగా లేదు. ఆ టైపు ఇన్‌స్టిట్యూట్ గురించి మంచిమాట వినలేదు. కుర్రాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడతారట. అక్కడినుంచి వచ్చిన అమ్మాయిని తీసుకుంటే మా ఆఫీసుకు మాటొస్తుంది."

నాకు చెవులు వేడెక్కిపోయాయి. మెట్లు దిగి, ఎండలో ఆ దారంతా నడిచి, తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్లాను. అత్త ఒక మిషను విప్పి బ్రష్షుతో మురికి దులుపుతోంది. విన్నది విన్నట్టు చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా.

ఆవిడ గోడవారనున్న రెండు మిషన్లకేసి చూసింది. వాటిమీద గుడ్డలు కప్పి ఉన్నాయి. అక్కడ నేర్చుకునే అమ్మాయిలిద్దరూ కారణం చెప్పకుండా మానేశారని, ఎందుకో తెలియక నాలుగు రోజులుగా ఆవిడ మథనపడుతోందని నాకు తర్వాత తెలిసింది.

"అచ్ఛా," అంది చివరికి. "అదన్నమాట."

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. అప్పటికే విషయం తెలిసిన నాన్న ముభావంగా కూర్చున్నాడు. "వొదిలీ అక్కా. ఇంకో ఉద్యోగం చూసుకుంటాది. మనం వెళ్లి గొడవ పెట్టుకుంటే గుంట పేరు ఊరంతా తెలిసిపోతాది."

"ఇప్పుడు వొదిలీస్తే అదే దీనికి రిఫరెన్స్ అయిపోతాది తమ్ముడూ," అంది అత్త. "రేపు ఇంకో ఆఫీసుకెళ్తాది. 'అక్కడ నిన్ను ఎందుకు వొద్దన్నారు?' అంటారు. అప్పుడేటి చెప్తాది? దీనికే కాదు. నా దగ్గర నేర్చుకున్న ప్రతీ గుంటకీ ఇదే అంటుకుంటాది. నాను కొట్టు మూసీసుకుని మళ్లీ కోర్టు వరండాకి పోగలను. ఈళ్లు ఎక్కడికి పోతారు?"

అత్త నావైపు తిరిగి, "ఎక్కు" అంది. ఆవిడ సైకిలు వెనక కూర్చుని ఆ సాయంత్రమంతా ఊరు తిరిగాను. ఆవిడ దగ్గర నేర్చుకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు. ఒకరు డివిజన్ ఆఫీసులో, ఒకరు కోర్టులో, ఒకరు బొగ్గు కంపెనీలో, ఒకరు బ్యాంకులో. ప్రతి గుమ్మంలోనూ సైకిలు దిగకుండా ఒక కాలు నేలమీద ఆనించి అదే మాట చెప్పింది. "రేపు లంచ్ టైములో లింక్ రోడ్డుకి రావాలి. వొచ్చి, నీ పేరు, నువ్వు చేసే ఉద్యోగం, నా దగ్గర నేర్చుకున్నావని చెప్పు. అంతే. నన్ను పొగడొద్దు. పొగిడితే రిఫరెన్స్ కాదు, భజన అయిపోతాది."

కొందరు వెంటనే సరేనన్నారు. ఒకమ్మాయి భర్త గుమ్మంలోనే నిలబడి, "ఆఫీసు వదిలి ఇలాంటివాటికి వెళ్లడం ఏం బాగుంటుంది" అన్నాడు. అత్త ఆయనతో వాదించలేదు. "మీరూ రండి బాబూ" అని పెడలు తొక్కింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఆఫీసు కింద నిలబడ్డాం. రోడ్డుమీద ఎవరూ కనిపించలేదు. అత్త వాచీ చూసుకుంది. మళ్లీ చూసుకుంది. ఆవిడ మెడమీద చెమట కారడం నేను చూశాను. "రాపోయినా మనం పైకెళ్తాం" అంది, నాతో అన్నట్టు లేదు, తనతోనే అన్నట్టుంది.

పైకెళ్లాం. మాటలన్నీ హిందీలోనే జరిగాయి. మేనేజరు మర్యాదగానే కుర్చీ చూపించాడు. అత్త కూర్చోలేదు.

"సాబ్, ఈ అమ్మాయికి రిఫరెన్స్‌గా నా పేరుంది. మీరు నన్ను ఏమీ అడగకుండానే వద్దన్నారట. అడగండి, వచ్చాను."

"అడగడానికేముంది బెహెన్‌జీ? మీ ఇన్‌స్టిట్యూట్ గురించి అందరూ అంటున్నారు."

"మీరడిగే రిఫరెన్స్ నా దగ్గర ఉంది. నేనడిగే రిఫరెన్స్ మీ దగ్గర ఉందా?"

"అంటే?"

"అందరూ అంటే ఎవరు? ఒక్క పేరు చెప్పండి. నేను వాళ్ల దగ్గరికే వెళ్తాను."

మేనేజరు ఇబ్బందిగా కదిలాడు. బయటి గదిలో ఉన్న అకౌంటెంటును పిలిచాడు. అకౌంటెంటు తలగోక్కుని, కింద కిళ్లీలమ్మే పాన్‌ఠేలా దగ్గర విన్నానన్నాడు. అక్కడితో ఆపేసేవాడే మేనేజరు. అత్త ఊరుకోలేదు. "పిలిపించండి సాబ్, ఐదు నిమిషాల పని." ప్యూను వెళ్లి ఆ పాన్‌వాలాను తీసుకొచ్చాడు. చేతికి సున్నం అంటుకుని ఉంది పాపం. ఎందుకు పిలిచారో తెలియక గుమ్మంలోనే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు.

"టైపు కొట్టు దగ్గర కుర్రాళ్లు గుమిగూడతారని చెప్పింది నువ్వేనా?" అని అడిగాడు మేనేజరు.

"నేను చెడుగా ఏమీ అనలేదు సాబ్! అక్కడ కుర్రాళ్లు నిలబడతారు, నిజమే. పక్కన సైకిలు కొట్టుంది కదా. గాలి కొట్టించుకోడానికి నిలబడతారు."

అత్త అతన్ని పంపించేసి, మేనేజరువైపు తిరిగింది.

"అంటే మీ రిఫరెన్స్ గాలేనన్నమాట సాబ్."

బయట ప్యూను కిసుక్కున నవ్వాడు. మేనేజరు ఎర్రబడ్డాడు. కాని ఓడిపోయినట్టు ఒప్పుకోవడం అంత పెద్దమనిషికి కష్టం. "సరే, ఆ మాట తప్పే అనుకోండి. అయినా రిఫరెన్స్ అంటే ఎవరైనా పెద్ద ఆఫీసరుదో, ప్రొఫెసరుదో ఉండాలి. మీరు మీ విద్యార్థిని గురించి మంచిగా చెప్పడం సహజమే కదా. మీ గురించి చెప్పేవాళ్లెవరు?"

సరిగ్గా అప్పుడే మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక్కరిది కాదు.

ముందు కోర్టు అమ్మాయి వచ్చింది. వెనక డివిజన్ ఆఫీసులో స్టెనోగా చేసే ఆవిడ, నెలలు నిండిన కడుపుతో, రెయిలింగు పట్టుకుని ఎక్కింది. బొగ్గు కంపెనీలో పనిచేసేవాళ్లు ఇద్దరు, టిఫిను డబ్బాలతో సహా వచ్చారు. దగ్గర్లోని బిల్హా స్టేషనులో బుకింగ్ క్లర్కుగా చేస్తున్న అమ్మాయికి మేము కబురే చెప్పలేదు. ఎవరో చెబితే విని లోకల్ పట్టుకుని వచ్చేసింది. బడిలో పనిచేసే ఒకావిడ తనతో మరో ఇద్దర్ని తీసుకొచ్చింది. ఆఖరున, ముందురోజు అభ్యంతరం చెప్పిన భర్త, భార్యను స్కూటరు మీద తీసుకొచ్చి, తను మెట్లదగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బ్యాంకులో చేసే అమ్మాయి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అత్త తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆ చిన్న గది సరిపోలేదు. గుమ్మం బయట కూడా నిలబడ్డారు. ఒకరి తర్వాత ఒకరు పేరు, ఆఫీసు, చేసే పని చెప్పి, "ఈవిడ దగ్గర నేర్చుకున్నాను" అన్నారు. ఎవరూ ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. స్టెనో ఆవిడ మాత్రం చెప్పడం అయ్యాక మేనేజరు ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుని, "మంచినీళ్లు ఇప్పిస్తారా సాబ్" అంది. మేనేజరు తన గ్లాసే ఆవిడకు అందించాడు.

తర్వాత ఆయన లేచి నిలబడ్డాడు. ఆ నిలబడ్డం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అత్తకు చేతులు జోడించి, "తప్పు నాది బెహెన్‌జీ. అడగకుండా నమ్మాను" అన్నాడు. నావైపు తిరిగి, "సోమవారం వచ్చి చేరిపో బేటీ" అన్నాడు.

నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. అత్త మాత్రం కదల్లేదు.

"ఆర్డరు?"

"సోమవారం ఇస్తాం. టైపు చెయ్యడానికి ఇప్పుడు మనిషి లేడు కదా."

"మనిషి లేకపోవడమేంటి?" అని అత్త నా భుజం మీద చెయ్యివేసింది. "కూచో."

ఆ ఆఫీసు మిషను ముందు కూర్చున్నాను. కాగితం ఎక్కించాను. మేనేజరు ఒక్కో మాట చెబుతుంటే నా ఉద్యోగం ఆర్డరు నేనే టైపు కొట్టాను. నా పేరు వచ్చేసరికి వేళ్లు పరుగెత్తాయి, బయట ఎవరో "ధీరే ధీరే" అని నవ్వారు. ఆయన సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. అత్త ఆ కాగితాన్ని వెలుతురు దగ్గర పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివింది. "ఒక్క తప్పు లేదు" అంది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

మెట్లు దిగి రోడ్డుమీదికి వచ్చాక ఒక్కసారి అందరం గోలగోలగా అరిచాం. చుట్టుపక్కల కొట్లవాళ్లు బయటికొచ్చి చూశారు. అత్త సైకిలు హ్యాండిలు పట్టుకుందామని చెయ్యి చాచి, పట్టుకోలేక పక్కనున్న అరుగుమీద కూర్చుండిపోయింది. బిల్హా అమ్మాయి పరుగెత్తి పక్కన కూర్చుంది.

"భయమేసిందా అత్తా?"

"వెయ్యదేటే? మీరు రాపోతే నాకు ఏటి చెప్పాలో కూడా తెల్దు," అంది. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ అంత గట్టిగా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా గుప్‌చుప్ అనే పానీపూరీ బండి కనిపిస్తే అందర్నీ అక్కడికి లాక్కెళ్లింది. స్కూటరు భర్త కూడా దొప్ప పట్టుకుని వరసలో నిలబడ్డాడు. పులుపునీళ్లు మోచేతులదాకా కారుతుంటే, నవ్వుతూ, దగ్గుతూ తిన్నాం. ఆ రోజు అందరూ ఆఫీసులకు ఆలస్యంగానే వెళ్లారు. కోర్టు అమ్మాయికి హెడ్డు గుమాస్తా దగ్గర చీవాట్లు పడ్డాయట. అవి కూడా ఏదో బహుమతిలా అందరికీ చెప్పుకుంది.

ఆ మాట ఊళ్లో ఎలా పాకిందో చెప్పక్కర్లేదు. వారం తిరక్కుండా మానేసిన అమ్మాయిలిద్దరూ తిరిగొచ్చారు. వాళ్లతోపాటు కొత్తవాళ్లూ వచ్చారు. సాయంత్రం బ్యాచీ చాలక అత్త పొద్దున్న ఇంకో బ్యాచీ పెట్టింది.

నాకు మొదటి జీతం వచ్చిన రోజున, అమ్మా నేనూ ఆవిడకు చీర తీసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాం. అమ్మ అక్కడికి రావడం అదే మొదటిసారి. అత్త చీర విప్పి, అంచు చూసి, "బాగున్నాది వదినా, గంజికి ఆగుతాది" అని మురిసిపోయింది. నేను అత్తతో ఆఫీసు కబుర్లు చెబుతున్నాను. అమ్మ మా మాటలు వినడం లేదు. వరసగా ఉన్న మిషన్లను చూస్తూ నడుస్తోంది. ఒకదాని దగ్గర ఆగి, చూపుడువేలితో ఒక అక్షరం మెల్లగా నొక్కింది. చువ్వ లేచి ఠక్కుమని కొట్టేసరికి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, ఇంకోటి నొక్కింది.

అత్త నా మోచెయ్యి పట్టుకుని మాట్లాడొద్దని సైగ చేసింది. కాసేపటికి అమ్మ మేము చూస్తున్నామని గమనించి సిగ్గుపడిపోయింది.

"ఊరికే చూస్తన్నాను వదినా. నాకెందుకు ఇవన్నీ? ఇంగ్లీషు ముక్క రాదు."

"రాపోతే రాపోనీ. వేళ్లున్నాయి కదా?"

"ఈ వయసులోనా? నలుగురూ ఏటంటారు?"

టైపత్త బల్లకింద నుంచి స్టూలు లాగి, దాని దుమ్ము తన కొంగుతోనే తుడిచింది. మిషన్లోకి తెల్లకాగితం ఎక్కించింది.

"కూచో వదినా."

అమ్మ ఒకసారి నావైపు చూసింది. తర్వాత చీరకొంగు నడుముకు బిగించి దోపుకుని, కూర్చుంది.